రెండు వాక్యాల మధ్య తొమ్మిది నెలలు

సంపాదకులకు నమస్కారం.

1942లో విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన రోజు గురించి ఈ ఏప్రిల్ 6న మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. హార్బరు పాత ఫొటో, మ్యూజియంలో పెట్టిన బాంబు ఫొటో కూడా వేశారు. అందులో రెండు వాక్యాలున్నాయి. "రెండు రోజుల్లో పట్నం ఖాళీ అయింది. ప్రమాదం తప్పాక జనం తిరిగొచ్చారు." ఆ రెంటికీ మధ్య మీరు ఒక చుక్క పెట్టారు. మా అమ్మ ఆ చుక్కలో తొమ్మిది నెలలు ఉంది. అందుకే ఈ ఉత్తరం. పొడుగనిపిస్తే మధ్యలో ఎక్కడైనా కత్తిరించండి. చివర్లో బిందె సంగతి మాత్రం ఉంచండి.

నాకు 83 ఏళ్లు. తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆ బాంబులు నేను చూడలేదు. అప్పటికి అమ్మ కడుపులో ఐదో నెల. అమ్మ 2009లో పోయింది. చెప్పిందే చెప్పేది, చెప్పినప్పుడల్లా ఇంకో ముక్క కలిసేది. ఆమె కబుర్లలో తేదీలు ఉండవు, తేదీలు నేను చదివి అతికించుకున్నవి. సామాన్ల పేర్లు మాత్రం అన్నీ ఆమెవే.

అమ్మకి యుద్ధం బాంబులతో మొదలవలేదు. రంగంతో మొదలైంది. మా వైపు పాతవాళ్లు బర్మాలోని రంగూన్‌ని రంగం అంటారు. ప్రతి ఊళ్లోనూ రంగం వెళ్లిన మనిషి ఒకడుండేవాడు. 1941 డిసెంబరు 23న అక్కడ బాంబులు పడ్డాయి, తర్వాతి మార్చి 8కి ఆ పట్నం జపాన్ వాళ్ల చేతికి పోయింది. ఓడ దొరికినవాళ్లు ఓడ మీద, దొరకనివాళ్లు కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. కాందిశీకులు అనే మాట అమ్మ మొదటిసారి అప్పుడే వింది. కోట వీధిలో మా వాళ్లు అద్దెకున్న ఇంటి పక్కన, పెద్ద అరుగున్న ఇంట్లో ఒక అత్తా కోడలూ వచ్చి దిగారు. కోడలి చేతిలో కుంకుమ భరిణె తప్ప ఇంకేమీ లేదట. అమ్మ రోజూ గంజి పట్టుకెళ్లి ఇచ్చేది. ఆ అత్తగారు అమ్మతో అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. "బయల్దేరాల్సొస్తే నగలు మూట కట్టకమ్మా. నీళ్లు పట్టేది ఏదైనా పట్టుకో. దారిలో నా మనవడికి గుక్కెడు నీళ్లు పట్టడానికి చేతిలో చెంబు లేకపోయింది."

ఆ మనవడు ఏమయ్యాడో అమ్మ అడగలేదు. అడక్కూడదని తెలిసిందట.

1942 ఏప్రిల్ 6 సోమవారం. ముందురోజే కొలంబో మీద బాంబులు పడ్డాయని పట్నమంతా ఒకటే టెన్షన్. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ నడుం వాల్చింది. చప్పుడైతే డాల్ఫిన్ కొండ దగ్గర రాళ్లు పేలుస్తున్నారనుకుంది. మా అన్నయ్యకి అప్పుడు నాలుగేళ్లు. అరుగు మీద నిలబడి ఆకాశం వైపు చూస్తూ చప్పట్లు కొడుతున్నాడట, మనవాళ్ల విమానాలనుకుని. అన్నయ్యొక్కడే కాదు, వీధిలో పెద్దవాళ్లు కూడా చాలామంది అలాగే అనుకున్నారు. పొద్దుగూకే ముందు ఇంకోసారి చప్పుడైంది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

చనిపోయినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మీ వ్యాసంలోనూ అలాగే ఉంది. అమ్మకి ఆ రాత్రి ఆ లెక్క తెలియదు కదా. ఒకరు యాభై అన్నారు, ఒకరు ఐదొందలన్నారు. తెల్లారేసరికి జపాన్ వాళ్లు ఓడ దిగుతారని ఇంకొకరు. అమ్మ వీటన్నిటినీ నమ్మలేదు గానీ రంగం అత్తగారి మొహం చూసి భయపడింది. ఆమె గోడకి ఆనుకుని కదలకుండా కూర్చుందట. "మీరూ రండి" అంటే, "మేం ఇంకోసారి నడవలేమమ్మా, ఏదైతే అదవుతుంది" అంది. అమ్మ ఆవకాయ జాడీ ఆమె పక్కన పెట్టేసి వచ్చింది. బండిలో ఎలాగూ పగిలిపోతుంది, నిరుటిది సగానికి పైగా ఉంది. పది రోజులాగితే కొత్తావకాయ పెట్టాల్సిన అమ్మ.

నాన్న హార్బరులో గుమస్తా. జీతం 38 రూపాయలు. రాత్రి ఎనిమిదింటికి బొగ్గుమసితో వచ్చి, తెల్లారితే బండి దొరకదు, ఇప్పుడే బయల్దేరాలన్నాడు. తనకి సెలవు లేదు. చోడవరం దగ్గర పల్లెలో నాన్న పెద్దమ్మ ఉంది, అక్కడికి వెళ్లమన్నాడు. బస్సులూ రైళ్లూ ఆ రోజు ఎక్కగలిగినవాళ్లవి. సరుగుడు కర్రలు దింపి తిరిగి వెళ్తున్న సబ్బవరం బండి ఒకటి దొరికింది. మామూలు రోజుల్లో చోడవరానికి నాలుగు రూపాయలు. ఆ రాత్రి ఇరవై. అమ్మకి ఆ బండివాడి మీద కోపం లేదు. "వాడి ఎద్దులూ భయపడ్డాయి కదే" అనేది. నాకైతే ఉంది. నాన్న జేబులో పన్నెండే ఉన్నాయి. మిగతా ఎనిమిదికీ ఊరు చేరాక బిందె తాకట్టు అని ఒప్పందం.

అది మా అమ్మ పుట్టింటివారు పెళ్లికి పెట్టిన ఇత్తడి బిందె. అప్పట్లో అలవాటే కాబట్టి దాని అంచు మీద అమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించారు. రంగం ఆవిడ మాట మీద అమ్మ దాన్ని నిండా నీళ్లతో బండెక్కించింది. పక్కన రెండు కుంచాల బియ్యం, చాప, అన్నయ్య చొక్కాలు, దేవుడి పటం ఒకటి, తిరగలి. తిరగలి ఎందుకని నాన్న అరిచాడట. చేతికి తగిలింది, ఎత్తేశాను అంది. పట్నం వదిలే మనిషికి ఏం కావాలో ముందే ఎలా తెలుస్తుంది చెప్పండి.

దీపాలు లేవు. చైత్ర బహుళం, చంద్రుడు బాగా పొద్దుపోయాక గానీ రాలేదు. కంచరపాలెం దాటేదాకా బండి కదిలిందో లేదో తెలియనంత రద్దీ. కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని ఒకాయన, హార్మోనియం పెట్టె మోస్తూ ఇంకొకాయన. పిల్లి పిల్లని కొంగులో దాచుకుని తెచ్చిన ఒకమ్మాయి దాన్ని గోపాలపట్నం దగ్గర పారేసుకుని ఏడుస్తోంది. సింహాచలం కొండ కనిపించినంత మేరా ఆడవాళ్లు చీకట్లోనే దణ్ణాలు పెట్టారు. ఇంకో పన్నెండు రోజుల్లో చందనోత్సవం, అప్పన్న నిజరూపం చూడాల్సినవాళ్లం, ఇలా వీపు చూపించి వెళ్తున్నామేమిటని ఒకావిడ అందట. ఎత్తు వచ్చినచోటల్లా ఎద్దులు ఆయాసపడుతుంటే అమ్మ దిగి నడిచింది. అప్పుడు కడుపులో నేనున్నాను కాబట్టి ఆ దారి నేనూ నడిచానని చెప్పుకుంటాను.

పెందుర్తి దగ్గర ఊళ్లోవాళ్లు రోడ్డు మీదికి కుండలు తెచ్చి అందరికీ అంబలి పోశారు. ఎవరివాళ్లు, ఏ కులం అని అడగలేదు. ఇంకాస్త ముందుకెళ్తే ఒక బావి దగ్గర చెంబు నీళ్లకి అర్ధణా తీసుకున్నారు. అమ్మ ఈ రెండు సంగతులూ ఎప్పుడూ కలిపే చెప్పేది, ఒకటి చెప్పి ఒకటి వదలడం నేను వినలేదు. అమ్మ బిందెలో నీళ్లు బండిలో వాళ్లకే కాదు, పక్కన నడిచిన రెండు కుటుంబాలకీ సబ్బవరం దాకా వచ్చాయి.

మర్నాటి రాత్రికి పల్లె చేరారు. బండివాడు బాకీ గుర్తు చేశాడు. ఇంటి గుమ్మంలో ఇంకా అడుగు పెట్టలేదు, ముందే ఎనిమిది రూపాయలిమ్మని ఎలా అడుగుతుంది? బిందె ఇచ్చేసింది. "సబ్బవరం సంతలో అడగండి, నేనెవరో చెప్తారు, డబ్బిచ్చి పట్టికెళ్లండి" అన్నాడు. పేరు చెప్పాడు కూడా. అలసట మీద అమ్మ దాన్ని గుర్తుపెట్టుకోలేదు.

నాన్న పెద్దమ్మని మేం చోడవరం మామ్మ అంటాం. మంచిదే. నా మాటల్లో ఎక్కడైనా ఆవిడ చెడ్డదిలా కనిపిస్తే అది నా తప్పు. ఆమెకీ తాతకీ పిల్లల్లేరు. నాలుగెకరాల చెరుకు, రెండు జతల ఎడ్లు, నాలుగు గదుల పెంకుటిల్లు. ఆ ఇంటికి వారంలో మూడు కుటుంబాలు చేరాయి, మొత్తం పద్నాలుగు మంది. మొదటి వారం పెళ్లివారి విడిదిలా ఉందట. ఊరంతా వచ్చి బాంబు ఎంతుంటుంది, ఎలా పడుతుంది అని అడిగేవాళ్లు. అమ్మ చూడని బాంబుని రోజుకో రకంగా వర్ణించింది. నాలుగో రోజుకి కాఫీపొడి అయిపోయింది. పట్నంలో కాఫీ అలవాటైన ప్రాణం, తలనొప్పితో గోడకి తల కొట్టుకుంటుంటే, బాంబుల భయం ఇంకా తగ్గలేదు పాపం అని చుట్టుపక్కలవాళ్లు విభూతి పెట్టించారు.

తర్వాత మాటలు మారాయి. ఎవరూ ఏమీ అనలేదు, అన్నట్టు ఉండేది. ఉప్పు డబ్బా ఒకచోట ఉండేది ఇంకోచోటికి మారింది. కిరసనాయిలు దొరకడం లేదని తొందరగా దీపం ఆర్పేవాళ్లు. బర్మా బియ్యం రావడం ఆగిపోయి ధరలు పెరుగుతున్నాయి. ఇంట్లో వడ్లున్నా పద్నాలుగు నోళ్లకి మామ్మ కొలిచి పోయక తప్పలేదు. వీధి కొళాయి దగ్గర బిందె పట్టుకోవడమే తెలిసిన అమ్మ నిండు నెలల దాకా బావిలో నీళ్లు తోడింది, దంచింది, చెరిగింది. నాన్న నెలకి 15 రూపాయలు మనియార్డరు పంపేవాడు. ఆగస్టులో గాంధీగారిని అరెస్టు చేశాక గొడవల్లో అది ఇరవై రోజులు రాలేదు. అప్పుడు మెడలో నాను చోడవరంలో కుదువపెట్టింది. పైగా ఆ ఏడు అధిక జ్యేష్ఠం. "చుట్టాలొచ్చిన ఏడే దేవుడు కూడా ఒక నెల ఎక్కువ పెట్టాడు" అని మామ్మ ఎవరితోనో నవ్వుతూ అంది. అమ్మ కూడా నవ్విందట. అరవై ఏళ్ల తర్వాత చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

ఇక్కడ ఒక్క మాట. పదేళ్ల క్రితం ఇంగ్లండులో మా అమ్మాయి దగ్గర కొన్నాళ్లున్నాను. మనవరాలి బడిలో యుద్ధకాలం గురించి పాఠం. 1939 సెప్టెంబరు 1న లండన్ లాంటి పట్నాల నుంచి పిల్లల్ని పల్లెలకు పంపడం మొదలుపెట్టారు. మెడలో చీటీ కట్టి, గ్యాస్ మాస్కు పెట్టె తగిలించి, రైలెక్కించారు. ఐదేళ్లలోపు పిల్లలుంటే తల్లుల్నీ పంపారు. మొదటి పిల్లవాణ్ణి ఉంచుకున్న ఇంటికి ప్రభుత్వం వారానికి 10 షిల్లింగుల 6 పెన్నీలు ఇచ్చేది. అక్కడా వంటింటి దగ్గర గొడవలొచ్చాయి. బాంబులు పడకపోయేసరికి చాలామంది తల్లులు కొద్ది నెలల్లోనే పిల్లల్ని తీసుకుని ఇంటికి వెళ్లిపోయారు. అదంతా చదివి మనవరాలు నన్నడిగింది, "అమ్మమ్మా, మరి మీ చోడవరం వాళ్లకి ఎవరిచ్చారు డబ్బు?" అని. నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

శ్రావణంలో, పశువుల శాల పక్క గదిలో నేను పుట్టాను. ఊళ్లో నన్ను బాంబుల గుంట అనేవాళ్లు. (గుంట అంటే మా వైపు ఆడపిల్ల. కింది జిల్లాల వాళ్లు తప్పుగా అనుకోకండి.) పురిటి రోజుల్లో అన్నయ్య మామ్మ దగ్గర పడుకోవడం మొదలుపెట్టాడు. పురుడు వెళ్లాక కూడా అమ్మ దగ్గరికి రాలేదు. మామ్మ వెన్న పెడుతుంది, తాత ఎడ్ల మీద కూర్చోబెడతాడు. అమ్మ దగ్గరేముంది, ఏడ్చే పిల్ల తప్ప. దసరాకి మామ్మని అమ్మా అన్నాడు. దీపావళికి అమ్మని పట్నం అమ్మా అన్నాడు. ముద్దుగా ఉందని అందరూ నవ్వారు.

డిసెంబరులో నాన్న వచ్చినప్పుడు దారిలో సబ్బవరం సంతలో దిగి బండివాడి కోసం అడిగాడు. పేరు తెలియకుండా ఎవరినని అడుగుతాడు? ఎర్ర ఎడ్లు, సరుగుడు కర్రలు అంటే పది మందిని చూపించారట. బిందె దొరకలేదు.

1943 సంక్రాంతి వెళ్లాక అమ్మా నేనూ పట్నం తిరిగొచ్చాం. ఇంటి తాళం విరగ్గొట్టి ఉంది. రుబ్బురోలు తప్ప మిగిలినవి తక్కువ. పట్నం నిండా సిపాయిలు. యూనివర్సిటీ గుంటూరు వెళ్లిపోయింది, దాని భవనాలు మిలటరీ వాళ్లవయ్యాయి. ఇళ్ల అద్దెలు పెరిగాయి. రంగం అత్తాకోడళ్లు పక్కింట్లో లేరు. ఎటు వెళ్లారో చెప్పినవాళ్లు లేరు. ఆవకాయ జాడీ కడిగి, బోర్లించి, మా గుమ్మం పక్కన పెట్టి వెళ్లారు. ఇంట్లో వస్తువులన్నీ పోయి గుమ్మం బయట జాడీ మాత్రం ఎలా మిగిలిందో అమ్మకి ఎప్పటికీ అర్థం కాలేదు.

అన్నయ్య రాలేదు. మీ రెండో వాక్యం దగ్గర నేను ఆగిపోయింది ఇక్కడే. బండి కట్టిన రోజు గానుగ ఆడుతోంది. ఆ రోజుల్లో పిల్లలకి అంతకు మించిన పండగ లేదు. తిరిగే ఎడ్ల వెనక కూర్చోవచ్చు, చెరుకు రసం తాగొచ్చు, పెనంలో బెల్లం పాకం ముదిరేటప్పుడు కర్రకి చుట్టుకుని నాకొచ్చు. వాడు అక్కడున్నాడు. "ఇప్పుడెందుకు లాక్కెళ్తావు, మళ్లీ బాంబులు పడితేనో, వేసవికి నేనే తెచ్చి దింపుతాను" అంది మామ్మ. నాన్న సరే అన్నాడు. వేసవికి బియ్యం ఇంకా ప్రియమైంది, అక్కడైతే వాడికి తిండికి లోటు లేదనుకున్నారు. ఆ పై వేసవికి వాణ్ణి ఊరి బళ్లో వేశారు. దత్తత అని కాగితం రాసుకున్నారా అంటే అది చాలా ఏళ్ల తర్వాతి మాట. అమ్మ ఒక్కసారి మాత్రం నాతో అంది. "మామ్మ తొమ్మిది నెలలు పెట్టింది. అద్దె కింద వాణ్ణి ఇచ్చేసి వచ్చాం."

అన్నయ్యకి అన్యాయం జరిగిందని నేను అనను. తాత పొలం వాడికే వచ్చింది. బెల్లం వండి అనకాపల్లి మార్కెట్‌కి వేసేవాడు, ఊళ్లో పెద్దమనిషి అనిపించుకున్నాడు. నాకు చదువొచ్చింది, వాడికి భూమి వచ్చింది. పండగకి మా ఇంటికి వస్తే అమ్మ అరిటాకు వేసి ముందు వాడికి వడ్డించేది. మాకు కంచాలు. చిన్నప్పుడు నాకు కుళ్లు ఉండేది. చుట్టానికే అరిటాకు వేస్తారని తెలిశాక పోయింది.

వాడికి యాభై ఏళ్లు దగ్గరపడ్డాక ఒక సంక్రాంతికి భోజనం చేస్తూ అడిగాడు, "ఆ రోజు బండెక్కేటప్పుడు నన్ను పిలిచావా అమ్మా?" అని. "పిలిచాన్రా, గానుగ చప్పుడులో నీకు వినపళ్లేదు" అంది అమ్మ. వాడు పెరుగు కలుపుకున్నాడు. వాడు వెళ్లాక గిన్నెలు కడుగుతూ నాతో అంది, "పిలవలేదే. పిలిస్తే వచ్చేస్తాడని భయమేసింది. నిన్ను ఎత్తుకుని, వాణ్ణి పట్టుకుని, ఆ ఖాళీ ఇంట్లో ఏం పెట్టను?" అన్నయ్య 2011లో పోయాడు. ఇద్దరూ లేరు కాబట్టే రాయగలుగుతున్నాను.

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు నాకు ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ల జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరం దగ్గర మునిగిన రాత్రి పేలుడుకి మా కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. బ్లాకవుట్. మా వీధిలో కొందరు ఊళ్లకు బయల్దేరారు. మావారూ పిల్లల్ని తీసుకుని చోడవరం వెళ్లమన్నారు. అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. వాకిట్లో మంచం అడ్డంగా వేసుకుని పడుకుంది. "ఈసారి ఎవర్ని ఇచ్చి రావాలి?" అంది. మేం కదల్లేదు. అది తెలివో మొండితనమో నాకు తెలియదు. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు, అయి ఉంటే మావారు జన్మంతా అనేవారు.

మీరు ఫొటో వేసిన మ్యూజియం బాంబు దగ్గరికి అమ్మని ఒకసారి తీసుకెళ్లాను. చుట్టూ తిరిగి చూసి, "ఇంతేనా?" అంది. పక్కన బడిపిల్లలకు ఎవరో వివరంగా చెప్తున్నారు, బరువెంత, ఎక్కడ పడింది అని. కాసేపు విని బయటికొచ్చి కాఫీ తాగుదామంది. 2025 మే 7న విశాఖలో మాక్ డ్రిల్ జరిగి లైట్లు ఆర్పమన్నప్పుడు మా మనవడు ఫోనుతో వీడియో తీస్తుంటే, నేను వంటింట్లోకి వెళ్లి ఇంట్లో నీళ్లు పట్టేవి ఎన్నున్నాయో లెక్కపెట్టాను. ప్లాస్టిక్ బకెట్లు మూడు, స్టీలు బిందె ఒకటి. పేరు చెక్కినవి లేవు.

ఇక బిందె సంగతి. సబ్బవరం, పెందుర్తి వైపు మీ పత్రిక బాగా వెళ్తుంది. అక్కడ ఎవరింట్లోనైనా అటక మీద పాత ఇత్తడి బిందె ఉండి, దాని అంచు మీద మీ ఇంట్లో ఎవరికీ లేని ఒక ఆడమనిషి పేరు చుక్కలతో చెక్కి ఉంటే, ఒకసారి చూడండి. పేరు ఇక్కడ రాయను. రాస్తే బిందె లేనివాళ్లూ చెప్పగలరు. ఆ పేరులో మూడో అక్షరం కంసాలి తప్పు చెక్కి, మళ్లీ దాని పైనే దిద్దాడు. మీ తాతగారో ముత్తాతగారో సరుగుడు కర్రలు తోలేవారా, ఎర్ర ఎడ్లుండేవా, బాంబులు పడ్డ రాత్రి కడుపుతో ఉన్న ఒకావిడని చోడవరం వైపు దింపానని ఎప్పుడైనా అన్నారా?

ఉంటే ఈ పత్రికకి ఒక కార్డు ముక్క రాయండి. బిందె తిరిగివ్వమని అడగడం లేదు. దాన్ని మీరే ఉంచుకోండి. బండి బాడుగలో ఎనిమిది రూపాయలు మేం ఇంకా ఇవ్వాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
విశాఖపట్నం